శవం సినిమాకు వచ్చిన చీటీలు

ఢిల్లీలో తెలుగు సినిమా చూడాలంటే ఆ రోజుల్లో ఆదివారం పొద్దున్న తప్ప దిక్కులేదు. మా తెలుగు సంఘం వాళ్ళు రెండు మూడు నెలలకోసారి ఏదో ఒక హాలును ఉదయం ఆటకు మాట్లాడి, మద్రాసు నుంచి రీళ్ళ పెట్టెలు తెప్పించి ఆడించేవాళ్ళు. సినిమా ఎలాంటిదైనా హాలు నిండేది. పట్టుచీరల మీద స్వెట్టర్లు తొడుక్కున్న ఆఫీసర్ల భార్యలు, తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే వాళ్ళ పిల్లలు, మునిర్కా అద్దెగదుల నుంచి వచ్చిన కుర్రకారు అందరూ అక్కడే కలిసేవాళ్ళు. సగం మంది వచ్చేది సినిమాకు కాదు, గోంగూర ఎక్కడ దొరుకుతోందో కనుక్కోవడానికి.

సంఘానికి ఒక సైక్లోస్టైల్ పత్రిక ఉండేది. దాని సంపాదకుణ్ణి నేను. చదువు అయిపోయి చిన్న ఉద్యోగం దొరికినా, గది మారే బద్ధకంతో మునిర్కాలోనే ఉండిపోయిన కాలమది. ఇంటర్వెల్లో అందరికీ చీటీలు పంచడం, సినిమా అయ్యాక వసూలు చేయడం, వేదిక ఎక్కి అభిప్రాయాలను మైకులో చదవడం, బాగున్నవి పత్రికలో వేయడం నా పని. చీటీ మీద పేరు రాయనక్కర్లేదు. ఆ నియమం పెట్టింది నేనే. పేరు అడిగితే మనవాళ్ళు మర్యాదలు రాస్తారు గాని నిజం రాయరని నా గట్టి నమ్మకం. ఆ అరగంట కోసం నెలల తరబడి ఎదురుచూసేవాణ్ణి. జనాన్ని నవ్వించడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఏ చీటీ అయినా చప్పగా ఉంటే, దానికి నేనే రెండు మాటలు కలిపి చదివేసేవాణ్ణి. రాసినవాళ్ళు లేచి అడగలేరు కదా.

ఆ చీటీల్లో ఒకదాన్ని నేను పైకి చదవలేదు. అది శవం సినిమా ఆడిన రోజు వచ్చింది. సినిమాకు అసలు పేరు వేరే ఉంది గాని ఢిల్లీ తెలుగువాళ్ళు దాన్ని శవం సినిమా అనే పిలిచారు. దాని సంగతి చెప్పాలంటే ముందు మా అక్క సంగతి చెప్పాలి.

డెబ్భైల చివర్లో నేను పైచదువుకని ఢిల్లీ వచ్చింది అక్కాబావల అండ చూసుకునే. బావ ఒక మంత్రిత్వ శాఖలో గుమాస్తా. ఆర్.కె.పురంలో మొదటి అంతస్తు క్వార్టరు. పిల్లల్లేరు. రోజూ తొమ్మిది గంటలకు కింద చార్టర్డ్ బస్సు హారను కొట్టేది. బావ కేరియరు పట్టుకుని మెట్లు దిగేవాడు. అక్క గుమ్మంలో నిలబడి "పెందలాడే వచ్చేయండి" అనేది. ఆయన ఏనాడూ పెందలాడే వచ్చింది లేదు. బస్సు ఎప్పుడొస్తే అప్పుడే కదా ఆయనా వచ్చేది. అయినా ఆ మాట అనకుండా అక్క తలుపు వేసేది కాదు. ఆదివారాలు భోజనానికి వెళ్ళి సోమవారం దాకా ఉండిపోయిన ప్రతిసారీ నేను దాన్ని విన్నాను.

ఒక ఆగస్టులో బావ గుండె ఆగి పోయాడు. మర్నాడు పొద్దున్నే తీసుకెళ్ళారు. ఆ క్వార్టర్ల మెట్లు బాగా ఇరుకు. మలుపులో పాడెను ఏటవాలుగా ఎత్తి దించాల్సి వచ్చింది. పక్కవాటా పంజాబీలు ముందు పట్టుకుని రామ్ నామ్ సత్య్ హై అంటున్నారు. అక్కను చూసుకోమని నన్ను గుమ్మం దగ్గర ఉంచారు. పాడె మలుపు తిరుగుతుండగా అక్క అంది, "పెందలాడే వచ్చేయండి."

ఏడుస్తూ అన్నది కాదు. రోజూ అనే గొంతుతోనే, పక్కింటి వాళ్ళకు వినపడనంత మెల్లగా అంది. ఆ వెంటనే తనేమందో తనకే తెలిసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నావైపు చూసింది. చావింటి నుంచి వెళ్ళేవాళ్ళు మనలో 'వెళ్ళొస్తాం' అనరు. చెప్పాపెట్టకుండా లేచి వెళ్ళిపోతారు. రావడం అన్న మాటే ఆ గుమ్మంలో పలకకూడదు. అలాంటి గుమ్మంలో నిలబడి అక్క పోయిన మనిషినే రమ్మంది.

పదో రోజు అయ్యాక, చుట్టాలంతా రైలెక్కాక, అక్క నన్ను వంటింట్లోకి పిలిచి ఎవరైనా విన్నారా అని అడిగింది. లేదన్నాను. నువ్వు విన్నావు కదరా అంది. నేనెవరితో అంటానక్కా అన్నాను. అక్క తల ఊపి పప్పు ఏరుకోవడంలో పడింది. ఆ మాట నేను ఎంత సులువుగా ఇచ్చానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

బావ ఆఫీసులోనే అక్కకు చిన్న ఉద్యోగం ఇచ్చారు. క్వార్టరు ఉండనిచ్చారు. ఊరికి వచ్చేయమని మావాళ్ళు ఎంత చెప్పినా రానంది. తను సిటీ బస్సులో ముందే ఇల్లు చేరేది. సాయంత్రం ఆరింటికి కింద ఏ బస్సు హారను వినిపించినా, ఆదివారమైనా సరే, చేతిలో పని వదిలేసి బాల్కనీలోకి వెళ్ళి నిలబడేది. ఒకసారి నేను కోప్పడితే, "నేను రమ్మన్నాను కదరా, ఆయనకు దారి దొరక్క ఇక్కడే ఎక్కడో ఉండిపోయాడేమో" అంది. ఆ భయం ఏ పూజారితోనూ చెప్పలేదు, అమ్మతోనూ చెప్పలేదు. ఆ ఊళ్ళో అక్క మనసు విప్పి మాట్లాడే మనిషిని నేనొక్కణ్ణే. ఆదివారం ఆదివారం వెళ్ళి అన్నం తిని, అవన్నీ విని వచ్చేవాణ్ణి.

నా గదిలో అప్పుడు ఒక స్నేహితుడు ఉండేవాడు. అనంతపురం వైపు మనిషి. సివిల్స్ రాయడానికి వచ్చాడు. పుస్తకం తెరిచేవాడు గాని ఎప్పుడూ ఏదో ఆలోచిస్తూ ఉండేవాడు. చాలా ఆదివారాలు నాతోపాటే అక్క ఇంటికి వచ్చి, అక్క చేతి పులుసు తిని, అక్కా అక్కా అంటూ తిరిగేవాడు. బావ పోయిన మరుసటి చలికాలంలో ఒక మధ్యాహ్నం మునిర్కా మేడ మీద ఎండ కాచుకుంటూ నలుగురం కూచున్నాం. వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ ఒక్కొక్కరం ఒక్కో దయ్యం కథ చెప్పుకుంటున్నాం. అందరివీ చింతచెట్టు కథలే. నా వంతు వచ్చింది. నా దగ్గర దయ్యం కథ లేదు. ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేకపోయాను. నోట్లో నువ్వుగింజ నానని మనిషిని.

మాకు తెలిసినావిడ ఒకామె అని మొదలుపెట్టి చెప్పేశాను. ఊరికే చెప్పలేదు, లేచి నిలబడి చెప్పాను. ఇరుకు మెట్ల మీద పాడె ఎలా అడ్డం తిరిగిందో చేతులతో చూపించాను. అక్క గొంతు అనుకరించి మరీ ఆ మాట అన్నాను. మిగతా ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నా స్నేహితుడు నవ్వలేదు. "మరి ఆయప్ప వచ్చినాడా సాయంత్రం?" అని అడిగాడు. రాకేం, ఆరింటి బస్సుకు కేరియరు ఊపుకుంటూ దిగుంటాడు అన్నాను. అందరికంటే ముందు నవ్వింది కూడా నేనే. ఆ సాయంత్రం కాస్త సిగ్గనిపించిన మాట నిజం. పేరు చెప్పలేదు కదా అని సర్దుకున్నాను.

ఆ తర్వాత వాడు రెండుసార్లు పరీక్ష తప్పి, మద్రాసు వెళ్ళి సినిమావాళ్ళ దగ్గర చేరాడు. ఏడాదికో ఉత్తరం వచ్చేది. ఎనభైల మధ్యలో ఒకసారి కార్డు రాశాడు. తను కథ, మాటలు రాసిన మొదటి సినిమాను మా సంఘం తెప్పిస్తోందట, తనూ వస్తున్నాడట, "అక్కను తప్పకుండా పిలుచుకొని రా" అని కింద గీత గీసి మరీ రాశాడు. చచ్చినవాళ్ళు లేచి తిరిగే సినిమా అనీ, భయానికి భయం నవ్వుకు నవ్వు అనీ సంఘంలో అప్పటికే చెప్పుకుంటున్నారు. నేను పొంగిపోయాను. మా గదిలో ఉన్నవాడు తెరకెక్కాడు, నా పక్కన కుర్చీ వేసుకుని కూచుంటాడు అని ఆఫీసంతా చాటాను. బావ పోయాక అక్క సినిమా హాలు మొహం చూడలేదు. నవ్వుల సినిమా అక్కా, నీ చేతి అన్నం తిన్నవాడు రాశాడు అని బతిమాలి బయల్దేరదీశాను.

సినిమా మొదలైన పావుగంటకు తెర మీద ఒక గుమాస్తా చచ్చిపోయాడు. పాడె ఇరుకు మెట్ల మీద అడ్డం తిరిగింది. గుమ్మంలో నిలబడ్డ భార్య "పెందలాడే వచ్చేయండి" అంది. హాలంతా ఒక్కసారిగా ఘొల్లుమంది. ఆ వెంటనే సాయంత్రం ఆరింటికి బస్సు ఆగడం, ముక్కులో దూదితో, చేతిలో కేరియరుతో శవం దిగడం, చెప్పిన టైముకు వచ్చాను కాఫీ పెట్టమనడం. జనం కుర్చీల్లో కూచోలేకపోయారు. తర్వాత శ్మశానంలో ఉన్నవాళ్ళంతా వరస కట్టి, మా ఇంట్లోవాళ్ళు మమ్మల్ని రమ్మనలేదు తల్లీ, నువ్వయినా పిలు అని ఆ ఇల్లాలి గుమ్మం ముందు నిలబడతారు. అదీ కథ. ఇప్పుడైనా ఒప్పుకోవాలి, తెలివైన సినిమా. అందుకే మరీ మంట.

నేను పక్కకు చూశాను. అక్క శాలువాలో చేతులు దాచుకుని తెరవైపే చూస్తోంది. మొహంలో ఏమీ లేదు. బయటికి వెళ్దామా అని గొణిగాను. అక్క శాలువా ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఇంటర్వెల్లో దీపాలు వెలగగానే నేను చీటీల కట్ట పట్టుకుని లేవాల్సి వచ్చింది. మా వరసను వదిలేసి ముందుకు పోబోతుంటే అక్క చెయ్యి చాపి, "నాకూ ఒకటివ్వు" అంది.

సినిమా అయ్యాక వేదిక ఎక్కాను. ఒక మూల నా స్నేహితుడు, పక్కన సంఘం అధ్యక్షుడు. చీటీలు ఎప్పటికంటే ఎక్కువొచ్చాయి. ఒక అధికారి ఆఫీసు ఫైలు మీద రాసినట్టే రాశాడు: పై చిత్రమును వీక్షించడమైనది, నవ్వు వచ్చినది, ఆమోదించవచ్చును. ఇంకొకాయనకు సందేహం: మరణించిన ఉద్యోగి మర్నాడు విధులకు హాజరైనచో మధ్య కాలమును ఏ సెలవుగా పరిగణించవలెను? దాని కిందే మరో చేతిరాతలో, మెడికల్ సర్టిఫికెట్ ఎవరిస్తారు అని ఉంది. శ్మశానం నుంచి వచ్చి స్నానం చేయకుండా కాఫీ తాగడం ఏమీ బాగాలేదు, పిల్లలు నేర్చుకుంటారు అని ఒక ఆంటీ. భూత్ అచ్ఛా థా, లేకిన్ డర్ నహీ లగా అని, అంటే దయ్యం బాగుంది గాని భయం వేయలేదని, ఎవరి పిల్లవాడో. చచ్చినవాళ్ళంతా హాయిగా బతికారు, హీరో ఒక్కడే చచ్చినట్టు నటించాడు అని మునిర్కా కుర్రాడెవడో.

ఇవి నాలుగైదే. మిగతావన్నీ ఒకే మాట. పాడె దించేటప్పటి సీను సూపర్. ఆ డైలాగుకు కడుపు చెక్కలైంది. మా ఆవిడ రేపటి నుంచి ఆ మాట అనకూడదని ఆజ్ఞాపించాను. ఒకరు మాత్రం మెచ్చుకోలేదు. ఏ భార్య అయినా అలాంటి సమయంలో అలా అంటుందా, బొత్తిగా అసహజం, రచయిత ఆడవాళ్ళను తెలివితక్కువవాళ్ళుగా చూపించాడు అని రాశారు. అన్నీ చదివాను. చదవక ఏం చేస్తాను, అది నా పని. మైకులో నా గొంతు నాకే పరాయిగా వినిపిస్తోంది. ఒక్కో చీటీకి హాలు మళ్ళీ నవ్వుతోంది, మూడో వరసలో మా అక్క కూచుని ఉంది.

తర్వాతి చీటీ విప్పాను. పచారీ చిట్టాల్లో, ఊరికి రాసే ఉత్తరాల్లో ఏళ్ళ తరబడి చూసిన గుండ్రటి అక్షరాలు.

"ఆ మాట విన్నవాడు ఒక్కడే."

అంతే ఉంది. చీటీని వెనక్కి తిప్పి చూశాను. ఏమైందయ్యా, చదువు అన్నాడు అధ్యక్షుడు. ఖాళీ చీటీ అన్నాను. మైకు ముందే అన్నట్టున్నాను. అయితే పోయినాయనే రాసుంటాడు అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆ రోజు అన్నిటికంటే పెద్ద నవ్వు దానికే వచ్చింది. చీటీని జేబులో పెట్టుకున్నాను.

నా స్నేహితుడికి దండ వేశారు. ఆ ఆలోచన ఎలా వచ్చిందని అధ్యక్షుడు అడిగితే, వాడు మైకు అందుకుని, అంతా నా సొంత ఊహే, ఎక్కడా విన్నది కాదు అన్నాడు. చప్పట్లు కొట్టారు. అక్కను ఆడవాళ్ళ గుంపులో వదిలేసి వాణ్ణి బయట ఛోలే బండి పక్కకు లాక్కుపోయాను. నా ఇంట్లో జరిగిన చావును అమ్ముకున్నావు, అక్క పెట్టిన అన్నం తిని అక్కనే నవ్వులపాలు చేశావు, పైగా ఆమెను పిలిపించి కూచోబెట్టావు అని నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు తెల్లబోయాడు. నిజంగానే తెల్లబోయాడు.

"అక్క మాటనా అది?" అన్నాడు. "తెలిసినామె అని చెప్తివి కదరా. ఎవురో కాలనీ ఆమె అనుకుంటి."

అబద్ధం అన్నాను. మెట్లు చూసినవాడికి, అక్క గొంతు విన్నవాడికి తెలియదా అన్నాను. వాడు దండలో పూలు ఒక్కొక్కటే తెంపి పారేస్తూ నిలబడ్డాడు.

"తెలుసులే," అన్నాడు చివరికి. "అనుమానముండె. కానీ నువ్వే నవ్వుకుంటా చెప్తివి. బస్సులో దిగినాడని నువ్వే అంటివి. నీకే అది నవ్వులాట అయితే నాకేం బాధ అనుకుంటి. అక్క కూడా నవ్వుతాదిలే అని రమ్మంటి. స్టేజీ మీద నిజం చెప్పింటే నువ్వు అక్కకు ఏ మొహం చూపించేవాడివిరా? అందుకే నాదని చెప్పిన."

వాణ్ణి కొట్టాలనిపించింది. కొట్టలేదు. వాడు చేసింది ద్రోహమే, అందులో ఇప్పటికీ నాకు సందేహం లేదు. స్నేహితుడు నోరు జారి చెప్పిన మాటను ఎవరిదని అడక్కుండా, చెప్పకుండా వాడుకోవడాన్ని ఇంకేమంటారు? ఆ రోజు తర్వాత వాడి ఉత్తరాలకు జవాబు రాయలేదు. కానీ వాడి మీద ఎంత మండిపడ్డా ఆ మంట నిలిచేది కాదు. మేడ మీద లేచి నిలబడి గొంతు అనుకరించింది వాడు కాదు.

బస్సులో అక్క కిటికీ పక్కన కూచుంది. ఇంటికి వెళ్ళాక చెప్పులు విడిచి, శాలువా మడత పెట్టి, అన్నం పెడతాను కూచోమంది. నేను నిలబడే వాణ్ణి తిట్టడం మొదలుపెట్టాను. సంఘంలో చెప్పి ఈ సినిమా పరువు తీస్తాను, పత్రికలో ఉతికి ఆరేస్తాను, మద్రాసు వెళ్ళి నిలదీస్తాను అని ఊగిపోయాను. అక్క గిన్నె కింద పెట్టింది.

"వాడు నాకేమవుతాడురా? వాడి మీద నాకెందుకు కోపం?" అంది.

ఆ తర్వాత ఇద్దరం అన్నం తిన్నాం. మజ్జిగలో ఉప్పు తక్కువైందేమో చూడమంది. అంతకు మించి ఆ విషయం ఎత్తలేదు. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, కనీసం ఎందుకు చెప్పావని అడుగుతుందనుకున్నాను. అడిగితే కాళ్ళ మీద పడేవాణ్ణి. అడగలేదు. పత్రిక తర్వాతి సంచికలో చీటీలన్నీ అచ్చువేశాను. ఒక్కటి తప్ప. ఆ సంచికతోనే సంపాదకత్వం మానేశాను.

ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను. అక్క మాట్లాడకపోవడమేమీ లేదు. కూరగాయల సంగతులు, ఊరి ఉత్తరాల సంగతులు, ఆఫీసులో కొత్తగా వచ్చిన ఫ్యాను సంగతి చెప్పేది. నేను నవ్వించబోతే నవ్వేది కూడా. కానీ బస్సు హారను మోగితే బాల్కనీలోకి వెళ్ళడం నా ముందు మానేసింది. నేను లేనప్పుడు వెళ్తోందో లేదో తెలియదు. దారి దొరకలేదేమోనన్న భయం తీరిందో లేదో తెలియదు. అడిగే మొహం నాకు లేదు. రాను రాను ఆ ఇంట్లో నేను చుట్టాన్నయ్యాను. వెళ్ళగానే మంచినీళ్ళు పళ్ళెంలో పెట్టి ఇచ్చేది.

రెండేళ్ళు గడిచాయి. ఒక ఆదివారం వెళ్తే మెట్ల దగ్గర కింది వాటా బెంగాలీ ఆంటీ ఎదురై, చేతిలో మిఠాయి పెట్టి బధాయీ అంటూ అభినందించింది. దేనికని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది. అక్క తన ఆఫీసులో పనిచేసే ఒకాయనను మంగళవారం రిజిస్టరు పెళ్ళి చేసుకుందట. భార్య పోయిన మనిషట, నెమ్మదస్తుడట. సాక్షి సంతకం పెట్టింది ఆంటీయేనట. నువ్వు ఊళ్ళో లేవేమో అనుకున్నాను బేటా అంది. ఉన్నాను ఆంటీ అన్నాను.

పైకి వెళ్ళాను. ఆయన కూరగాయలకు వెళ్ళాడు. అక్క కొత్త చీరలో ఉంది, మొహం తేటగా ఉంది. అంత తేటగా చూసి ఎన్నాళ్ళయిందో. సంతోషించాను. కాఫీ గ్లాసు చేతిలో పెట్టుకుని అడిగాను, నాకు ఒక్క మాట చెప్పలేదేం అక్కా అని.

అక్క నా ఎదురుగా పీట వాల్చుకుని కూచుంది. కోపంగా అనలేదు. చిన్నప్పుడు లెక్కలు చెప్పేటప్పటి గొంతుతో, ఓపిగ్గా అంది.

"చాలాసార్లు నోటిదాకా వచ్చిందిరా. నీకొక్కడికే చెప్పి, విన్నది నువ్వొక్కడివే అని నమ్మడం నాకు చేతకాలేదు."